మిగిలిన ఒక్క ఫోటో

ఆ ఉదయం వినోద్‌కుమార్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. మధ్యాహ్నానికల్లా పని ముగించి, భార్య మంజులను బండి మీద నిజాంసాగర్ తీసుకెళ్ళాలి. డ్యాం గేట్లు ఎత్తారని బాన్సువాడ సగం వెళ్ళొచ్చింది, తామే మిగిలిపోయామని ఆమె వారం నుంచీ సణుగుతోంది.

కిరాయి ఇంట్లో ముందుగదే అతని ఆఫీసు. పెళ్ళిళ్ళకూ చావులకూ ఫ్లెక్సీలు తయారుచేసి ప్రింటుకు పంపుతాడు. ఇంట్లోని కంప్యూటర్ ముసలిదైపోయి, ఒక్క ఫోటో తెరవాలన్నా మూలుగుతోంది. అందుకని ఈమధ్యే దాంట్లో ఒక ప్రోగ్రామ్ వేశాడు. రోజూ పొద్దున అది తనంతట తానే లేచి చెత్త ఊడుస్తుంది. ఒకేలాంటి ఫోటోలు ఎన్ని ఉన్నా మంచిది ఒక్కటి ఉంచి తక్కినవన్నీ తుడిచేస్తుంది.

అతను బనియన్ మీద ఉండగానే ఫోన్ మోగింది. తండా నుంచి భాస్కర్. ఒకటి రెండుసార్లు ఫ్లెక్సీలు చేయించుకున్న కుర్రాడే.

"అన్నా, మా బాపు సచ్చిపోయిండన్నా." అవతల గొంతు పగిలింది. "దవాఖానల ఉన్నం. ఫోటోలు పంపిన. బాన్సువాడ చౌరస్తాల ఒకటి, తండాల ఒకటి, పిట్లం బస్టాండ్ల ఒకటి కట్టాలె. పేరు జేత్యా."

"ఫికర్ చెయ్యకు తమ్మీ. నేను చూసుకుంట."

భాస్కర్ పంపిన మసక ఫోటోలన్నీ కంప్యూటర్‌లో పడేసి వినోద్‌కుమార్ చాయ్ తాగడానికి లోపలికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఒక్కటే మిగిలింది. తెల్ల చొక్కా, నుదుట బొట్టు, చేతులు జోడించి నమస్కారం. ప్రోగ్రామ్ మంచిదాన్ని ఏరిపెట్టిందని అతను మురిసిపోయాడు.

"చూసినవా మంజులా? మనిషి ఎంత కళగ ఉన్నడో!"

"సచ్చినోని మొఖంల కళేంది?" అని మంజుల లోపలికి వెళ్ళిపోయింది.

ఆ కళ ఎన్నికలది. అది జేత్యా కవల తమ్ముడు సోమ్లా ఫోటో. పోయిన పంచాయతీ ఎన్నికల్లో వార్డు మెంబరుగా నిలబడి, ఓడిపోవడానికి ముందు సోమ్లా ఇదే కంప్యూటర్‌లో ఫ్లెక్సీ చేయించుకున్నాడు. జేత్యాకు కవల తమ్ముడున్నాడని వినోద్‌కుమార్‌కు తెలియదు. ప్రోగ్రామ్‌కు అసలే తెలియదు. అది ముఖాలు పోల్చి చూసుకుంది, అంతే.

అన్నదమ్ములు కాలువ నీళ్ళ దగ్గర గొడవపడి మాటలు మానేశారు. సోమ్లా తండా వదిలి, పిట్లం దగ్గర భార్య ధర్మి పుట్టింటి వైపు వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఒకరి కష్టానికి ఒకరు రాలేదు. ఈ చావు కబురు కూడా అతనికి ఎవరూ పంపలేదు.

ప్రింటైన ఫ్లెక్సీలను మూడు చోట్లా కట్టించి, మధ్యాహ్నం అన్నం ముందు కూర్చోబోతుంటే తలుపు దడదడలాడింది. వినోద్‌కుమార్ తీశాడు. పొద్దున ఫ్లెక్సీ మీద తాను ఏ ముఖానికి పూలదండ వేసి, పక్కన దీపం పెట్టాడో ఆ మనిషే గడపలో నిలబడి ఉన్నాడు. ఎరువుల సంచి భుజాన ఉంది.

వినోద్‌కుమార్ గోడ పట్టుకుని అలాగే కిందికి జారాడు.

"నేనెప్పుడు సచ్చిన్రా?" అన్నాడు వచ్చినవాడు. "చౌరస్తాల చాయ్‌వాడు నన్ను చూసి గ్లాసు జారవిడిచిండు. నా ఫోటో కింద మా అన్న పేరెందుకు రాసినవ్?"

మంజులే తేరుకుని నీళ్ళు తెచ్చింది. మొగుడికో, అతనికో తోచక మధ్యలో పెట్టింది. వినోద్‌కుమార్ కింద కూర్చునే చెప్పాడు.

"పేరు కరెక్టే అన్నా. ఫోటోనే తప్పు వడ్డట్టుంది. సచ్చింది జేత్యా. పొద్దుగాల భాస్కర్ ఫోన్ చేసిండు."

సోమ్లా భుజం మీది సంచి నేల మీద పడింది.

"మా అన్న సచ్చిండా?"

అతను ఆ నీళ్ళు తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని, "నన్ను తండాకు తీస్కపో" అన్నాడు.

వాళ్ళు వెళ్ళేసరికి తండాలో మరో ఘోరం నడుస్తోంది. పిట్లం బస్టాండులో దిగిన ధర్మి తన భర్త ఫోటోను దండతో చూసింది. ఆమెకు చదువు రాదు. ఫోన్ చేస్తే సోమ్లా ఫోన్ బంద్. ఏ ఊళ్ళో అని మాత్రమే అడిగితే, పక్కనున్నవాళ్ళు ఫ్లెక్సీ మీది ఊరి పేరు చదివి చెప్పారు. పుట్టింటివాళ్ళందరినీ ట్రాక్టర్ ఎక్కించుకుని, దారి పొడుగునా గుండెలు బాదుకుంటూ వచ్చి, శవం మీద పడింది. శవం ముఖం ఆమె అనుమానం తీర్చలేదు సరికదా, ఖాయం చేసింది.

"నా మొగడమ్మా ఇతను!" అంటోంది జేత్యా భార్య హేమ్లి, ఆమెను లాగుతూ.

"బతికున్నన్ని దినాలు పలకరియ్యకపోతిరి, ఇప్పుడు పీనుగును గూడ మీరే గుంజుకుంటరా?" అని ధర్మి శవాన్ని ఇంకా గట్టిగా వాటేసుకుంది.

భాస్కర్ చెప్పబోయాడు. పిట్లం నుంచి వచ్చిన బావమరుదులు అతని కాలర్ పట్టుకున్నారు. తండావాళ్ళు వాళ్ళ కాలర్లు పట్టుకున్నారు. అందరూ ఏడుస్తూనే తోసుకుంటున్నారు. డప్పులవాళ్ళు కొట్టాలో ఆపాలో తెలియక నిలబడిపోయారు.

అప్పుడు బండి ఆగింది.

ముందుగా డప్పులవాళ్ళే వెనక్కి జరిగారు. తర్వాత అందరూ జరిగారు. ధర్మి తలెత్తింది. లేచి, తూలుకుంటూ వచ్చి, సోమ్లా చెంపను తడిమి చూసింది. అదే చెంప ఛెళ్ళుమనిపించింది.

"ఫోనెందుకు బంద్ వెట్టినవ్?"

"చార్జింగ్ అయిపోయింది" అన్నాడు సోమ్లా.

ధర్మి ఏడుపు ఆగింది. వెనక్కి తిరిగి, నేల మీద ఒంటరిగా కూర్చున్న హేమ్లిని చూసింది. ఇంతసేపూ తాను చేసిన పని అప్పుడు ఆమెకు అర్థమైంది. వెళ్ళి పక్కన కూలబడి, ఆమె తలను ఒళ్ళోకి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఇద్దరూ ఒకే మనిషి కోసం ఏడ్చారు.

భాస్కర్ చిరిగిన కాలర్‌తో సోమ్లా ముందు నిలబడ్డాడు.

"నేనే చెప్పొద్దన్న కాకా. నువ్వు రావనుకున్న."

సోమ్లా అన్న ముఖం వైపు చాలాసేపు చూశాడు. అద్దంలో తనను తాను కళ్ళు మూసుకుని చూసుకోగలిగితే అలాగే ఉంటుంది.

"చెప్పినా రాకపోదునేమో" అన్నాడు. వెళ్ళి పాడె ముందువైపు భుజం పెట్టాడు. భాస్కర్ పక్కకు జరిగి చోటిచ్చాడు.

వినోద్‌కుమార్ బండి పక్కనే, తన్నులు తినడానికి సిద్ధంగా నిలబడ్డాడు. ఎవరూ అతని దగ్గరికి రాలేదు. చివరికి అతనే పాడె వెనక నడిచి, మట్టి వేసి ఇంటికొచ్చాడు. నిజాంసాగర్ ఊసు మంజుల ఎత్తలేదు. రాగానే ఆ ప్రోగ్రామ్ తీసేశాడు. కంప్యూటర్ మళ్ళీ మూలగడం మొదలుపెట్టింది. మూలిగేవాళ్ళు బతికున్నట్టే కదా అని అతను దాన్ని అలాగే వదిలేశాడు.

దినాల ఫ్లెక్సీకి సోమ్లా, భాస్కర్ కలిసే వచ్చారు. పైన పెద్దగా జేత్యా, తలకు తువ్వాలుతో. కింద శోకతప్తుల వరసలో మొదటి ఫోటో సోమ్లాది. అదే తెల్ల చొక్కా, అదే నమస్కారం. హేమ్లి అక్కడే ఉండాలని చెప్పి పంపిందట.

ప్రింటుకు పంపే ముందు వినోద్‌కుమార్ చెమట తుడుచుకుని, తెర మీద వేలు పెట్టి అడిగాడు.

"సోమ్లన్నా, జెర మంచిగ చూసి చెప్పు. పైనున్నది సచ్చినోడు, కిందున్నది బతికున్నోడు. గంతేనా?"

సోమ్లా ముందుకు వంగి రెండు ముఖాలనూ చూశాడు.

"ఇప్పటికైతే గంతే" అన్నాడు.