తొమ్మిదో స్వాగతం

ఆ పొద్దున రిపెకా వేసుకున్న పథకం చాలా చిన్నది. బడి ముందు గేటు నుంచి కాకుండా వంటగది పక్క గేటు నుంచి లోపలికి వెళ్లాలి. వెళ్లి, హాలు ముందు, స్వాగతం పలికే ఇంటివాళ్ల వైపు వేసిన కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చోవాలి. అంతే. ఎనిమిదేళ్లుగా ఈ రెండు పనులూ ఆమెకు సాధ్యం కాలేదు.

కారణం చెప్పుకుంటే సిగ్గుచేటు. ఆమెకు కాదు, బడికి. న్యూజిలాండ్‌లో నేపియర్‌ పట్టణానికి అరగంట దూరంలో, ఆపిల్ తోటల మధ్య ఉన్న ఆ హైస్కూల్లో ఆమె మావోరీ భాష, పాటలు చెబుతుంది. ఆ ఉద్యోగం అసలు వేరే ఆయనది. ఆయన సెలవు పెట్టి బ్రిస్బేన్ వెళ్లాడు. తిరిగి రాలేదు, రాజీనామా ఇవ్వలేదు. అంచేత రిపెకాను ఏటా బడి తెరిచే ఫిబ్రవరిలో చేర్చుకుని, ఏడాది ముగిసే డిసెంబరులో తీసేసేవారు. ఫిబ్రవరిలో చేరినవాళ్లంతా కొత్తవాళ్లే కదా. మావోరీ ఆచారం ప్రకారం కొత్తవాళ్లంతా గేటు బయట నిలబడాలి. లోపలి నుంచి పెద్దావిడ గొంతెత్తి పిలవాలి. బయటి గుంపులోంచి ఒక ఆడమనిషి గొంతెత్తి బదులు పలకాలి. అప్పుడు గానీ అడుగు లోపల పెట్టకూడదు. ఒక మనిషికి ఒక గడపలో ఈ మర్యాద ఒక్కసారే జరుగుతుంది, ఆ తర్వాత ఇంటిమనిషే. రిపెకాకు ఎనిమిదిసార్లు జరిగింది.

పైగా ఆ పిలిచే పెద్దావిడ టురుహీరా ఆమె సొంత మేనత్త. స్వాగతగీతం పాడే పిల్లలకు ఆ పాట నేర్పింది రిపెకాయే. డిసెంబరులో నేర్పడం, ఫిబ్రవరిలో గేటు బయట నిలబడి అదే పాటతో ఆహ్వానం అందుకోవడం. "ఎనిమిదిసార్లు పిలిచాన్రా దీన్ని. ఇది నా మేనకోడలా, తోకచుక్కా?" అని అత్త ఊరంతా చెప్పుకుని నవ్వేది. రిపెకా కూడా నవ్వేది, మొదటి నాలుగేళ్లూ.

నవ్వు ఆగిపోయింది ఎక్కడంటే, జనవరి నెలల్లో. డిసెంబరులో ఉద్యోగం పోతుంది కనుక జనవరంతా ఆమె పండ్ల షెడ్డులో పెట్టెలకు చీటీలు అంటించేది. మొన్నటి జనవరిలో ఆ షెడ్డులో ఆమె మీద అజమాయిషీ చేసిన పిల్ల, నాలుగేళ్ల కిందట ఆమె దగ్గర పాటలు నేర్చుకున్న పిల్లే. "టీచర్, చీటీలు కొంచెం వంకరగా పడుతున్నాయి" అని పాపం చాలా మెల్లగా చెప్పింది. ఆ మెల్లగా చెప్పడమే రిపెకాకు ముల్లులా గుచ్చుకుంది.

కానీ ఈ ఏడు వేరు. బ్రిస్బేన్ ఆయనకు ఎట్టకేలకు సిగ్గేసి నవంబరులో రాజీనామా పంపాడు. డిసెంబరులో వచ్చిన కొత్త ప్రిన్సిపాల్ గ్రాంట్ మెల్విల్ ఆమెను గదికి పిలిచి కూర్చోబెట్టి, "మీ సంగతి నేను చూసుకుంటాను. ఫిబ్రవరిలో స్వాగతం రోజునే అందరి ముందూ చెబుతాను" అన్నాడు. పర్మనెంటు ఉద్యోగం. ఇక చీటీలూ వద్దు, గేటు బయట నిలబడటమూ వద్దు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. మెల్విల్ సెలవుల్లో కూడా బడికి వచ్చి, 'ఒకే కుటుంబం' అని ఒక పథకం తయారుచేశాడు. ఆ ప్రకారం కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ బడి తెలిసిన పాతవాళ్లు ఒకరు తోడు. ఎవరికి ఎవరు తోడన్నది కంప్యూటరే తేలుస్తుంది. కొత్తవాళ్ల జాబితా చేరిన తేదీని బట్టి. పాతవాళ్ల జాబితా మాత్రం పిల్లలే ఓట్లేసి ఎన్నుకోవాలి, వాళ్లలో కలివిడితనం పెరగాలిగా. ఇంత ఆలోచించినవాడు ఆ రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూసుంటే ఎంత బాగుండేది.

వంటగది గేటు దగ్గర ఆఫీసు గుమాస్తా లొరేన్ కొత్తవాళ్లకు అంటించే ఆకుపచ్చ స్టిక్కర్ల పెట్టె పట్టుకుని నిలబడి ఉంది.

"ఇటు రాకూడదు రిపెకా. నువ్వు కొత్త," అంది.

"మీ రెండో పిల్లకి మూడేళ్లు పాఠం చెప్పాను లొరేన్."

"నాకు తెలీదుటే తల్లీ. నాకు తెలిస్తే ఏం లాభం, జాబితాకి తెలియాలి గానీ."

జాబితా చూస్తే ఇంకో విడ్డూరం బయటపడింది. బడి గురించి బాగా తెలిసినవాళ్లెవరని అడిగితే పిల్లలు అందరికంటే ఎక్కువ ఓట్లు రిపెకాకే వేశారు. కనుక ఆమె పాతవాళ్లలోనూ ఉంది, కొత్తవాళ్లలోనూ ఉంది. కంప్యూటరు ఆమెకు ఆమెనే తోడిచ్చింది. లొరేన్ కళ్లజోడు సవరించుకుని చదివింది. మొదటి వారం తోడు మనిషి కొత్త మనిషికి బడంతా తిప్పి చూపించాలి, మధ్యాహ్నం కలిసి భోంచేయాలి, దిగులుగా కనిపిస్తే పలకరించాలి.

"పలకరిస్తాలే" అని రిపెకా ఆ స్టిక్కరు తీసుకుని సంచిలో పడేసుకుని, లొరేన్ పక్కనుంచి లోపలికి వెళ్లి ఇంటివాళ్ల వైపు రెండో వరసలో కూర్చుంది. ఆమె ముందు వరసలో ప్రిన్సిపాల్, ఆయన పక్కన తమిహానా పెద్దాయన. ఆయన రిపెకాకు పెదనాన్న, ఆ ఊళ్లో ఏ సభకైనా ఇంటివాళ్ల తరఫున మాట్లాడేది ఆయనే. ఆమెను చూసి కనుబొమలు ఎగరేశాడు. అంటే అక్కడి మాటలో సరేనని.

గేటు బయట ఎనభై మంది పదమూడేళ్ల పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, ముగ్గురు కొత్త టీచర్లు. తొమ్మిదిన్నరకే ఎండ మాడ్చేస్తోంది. టురుహీరా అత్త నల్ల దుస్తుల్లో హాలు ముందుకు వచ్చి గొంతెత్తి పిలిచింది. ఆ పిలుపు విని పిల్లలు మాటలు ఆపేశారు. కాకులు కూడా ఆపేసినట్టే అనిపించింది. అందరూ బదులు కోసం చూశారు.

బదులు రాలేదు. ఎలా వస్తుంది? ఎనిమిదేళ్లుగా బయటి గుంపులోంచి బదులు పలికింది రిపెకా. ఆమె లేకపోతే ఎవరు పలుకుతారన్నది ఎవరికీ తట్టనే లేదు.

అత్త రెండోసారి పిలిచింది. ఈసారి కొంచెం కోపం కలిసింది. గేటు దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. కొత్తగా వచ్చిన లెక్కల టీచరు, దక్షిణాఫ్రికా ఆయన, సాయపడాలన్న ఆత్రం కొద్దీ ఫోనులో ఇలాంటి బదులు రికార్డు ఒకటి వెతికి పట్టి, గట్టిగా వినబడాలని పైకెత్తి నొక్కాడు. దానికి ముందు ప్రకటన వచ్చింది. ఈ ఆదివారం వరకే, ఒక పరుపు కొంటే రెండు దిండ్లు ఉచితం. మైదానమంతా వినబడింది. అదే సంకేతం అనుకున్నాడో ఏమో, ఒక తండ్రి కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాడు. ఆయన వెనక ఎనభై మందీ కదిలారు. తమిహానా పెద్దాయన కర్ర అడ్డంగా చాపి నిలబడ్డాడు. గుంపు మళ్లీ వెనక్కి నడిచి గేటు బయటికి వెళ్లింది. నలభై ఏళ్లుగా పిలుస్తున్న అత్తకు పరుపుల దుకాణం బదులివ్వడం అదే మొదలు. ఆవిడ మొహం చూడటానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

ఎండకు ఒక పిల్ల కళ్లు తిరిగి కూలబడింది. మెల్విల్ వంగి, చెమటలు కక్కుతూ రిపెకా దగ్గరికి వచ్చాడు.

"ఒక్క ఐదు నిమిషాలు రిపెకా. పిల్లల కోసం. మీ ఉద్యోగానికీ దీనికీ ముడిపెట్టుకోకండి."

ఆమె లేవకుండా ఉండగలిగేది, కానీ ఆ కూలబడ్డ పిల్లను చూశాక కూర్చోలేకపోయింది. కార్ల మధ్యనుంచి చుట్టూ తిరిగి గేటు బయటికి వెళ్లి, పిల్లకు నీళ్లు తాగించి, గుంపు ముందు నిలబడింది. అత్త మూడోసారి పిలిచింది. రిపెకా బదులు పలికింది. ఆమె గొంతు ఎప్పుడూ బాగుంటుంది, ఆ రోజు ఇంకా బాగుందన్నారు అందరూ. ఎనభై మందిని వెంటబెట్టుకుని ఆమె తొమ్మిదోసారి కొత్తగా బడిలోకి వచ్చింది.

తమిహానా పెద్దాయన స్వాగతోపన్యాసంలో ఊరుకుంటాడా? "దూరాభారం నడిచి వచ్చిన మా తమ్ముడి కూతురికి కూడా స్వాగతం. రెండు వీధుల అవతలి నుంచి వచ్చింది, పాపం అలసిపోయి ఉంటుంది" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మెల్విల్.

ముక్కూ ముక్కూ ఆనించుకుని పలకరింపులు అయ్యాక అందరూ హాల్లోకి చేరారు. వేడి వేడి నూనె రొట్టెలూ, సాసేజ్ రోల్సూ, టీ. మెల్విల్ మైకు పట్టుకుని కుటుంబం గురించి పావుగంట చెప్పాడు. చివర్లో, ఒక శుభవార్త అన్నాడు. రిపెకా చేతిలో రొట్టె పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

మావోరీ భాషకు పర్మనెంటు టీచరుగా వెల్లింగ్టన్ నుంచి రీస్ హాలొరన్ గారు వస్తున్నారని ఆయన చెప్పాడు. విమానం కుదరక ఇవాళ రాలేకపోయారు గానీ ఆయన అప్పుడే మన కుటుంబంలో మనిషి అని కూడా చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. రిపెకాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది. మైకు దగ్గరనుంచి దిగుతున్నవాణ్ణి దిగుతున్నట్టే పట్టుకుంది.

"నా సంగతి చూస్తానన్నారు."

"చూశాను కదండీ. మీ ఒప్పందం జూన్ దాకా వేయించాను. రీస్‌కి బడి అలవాటయ్యేదాకా మీరు పక్కనుండి అన్నీ నేర్పాలి."

"ఉద్యోగం?"

"కమిటీ వాళ్లు కొత్త నీరు రావాలన్నారు. మీరు ఎనిమిదేళ్ల నుంచీ ఇక్కడే ఉన్నారు. ఎవరైనా పాతబడిపోతారండీ. మీ తప్పు కాదు."

"పొద్దున్న గేటు దగ్గర నేను కొత్తదాన్ని."

"అది జాబితా. దానికీ దీనికీ ముడిపెట్టకండి," అని ఆయన ఆమె భుజం తట్టి, ఇంకో సాసేజ్ రోల్ కోసం వెళ్లాడు.

వంటగదిలో అత్త కప్పులు తుడుస్తోంది. రిపెకా కప్పులు కడుగుతూ జరిగింది జరిగినట్టు చెప్పింది. మధ్యలో రెండు కప్పులు పగిలాయి. అంతా విన్నాక, ఎవడే ఈ గ్రాంటు అని అడిగింది. ప్రిన్సిపాల్ అని చెబితే నమ్మలేదు. కళ్లల్లో పొరలున్న అత్తకు బట్టతల, నీలం చొక్కా ఉన్న మనుషులంతా ఒకటే. ముందు వరసలో ఉన్నది పాత ప్రిన్సిపాలే అనుకుంది.

"పాతాయన వెళ్లిపోయాడత్తా. ఈయన డిసెంబరులో వచ్చాడు."

"మరి వీణ్ణి నేనెప్పుడు పిలిచాను?"

రిపెకా ఆలోచించింది. పిలవలేదు. ఆయన డిసెంబరులో ఆఫీసు వెనక కారాపి, తాళాలు తీసుకుని లోపలికి వచ్చేశాడు. అసలీ పొద్దున గేటు బయట అందరికంటే ముందు నిలబడాల్సినవాడు ఆయనే. పిలవని పేరంటానికి వచ్చి ముందు పీట మీద కూర్చున్నాడు. అత్త తుడిచే గుడ్డను నాలుగు మడతలు పెట్టి ఆరేసింది.

ఫిబ్రవరి మొదట్లో వచ్చే జాతీయ సెలవు దాటాక బుధవారం నాడు రీస్ హాలొరన్ వచ్చాడు. ఈ స్వాగతం ఘనంగా ఉండాలని మెల్విల్ పట్టణం నుంచి పత్రికవాళ్ల ఫొటోగ్రాఫరును కూడా పిలిపించాడు. బడి పిల్లలంతా హాలు నీడలో బారులు తీరారు. మెల్విల్ ముందు వరసలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. రిపెకా రెండో వరసలో కూర్చుంది. ఎవరినీ అడగలేదు. అత్త ముందుకు వచ్చింది గానీ గేటు వైపు తిరగలేదు.

"గ్రాంటూ, లే నాయనా. నిన్ను నేనింకా పిలవలేదు."

ఆయన నవ్వాడు. "అదేంటమ్మా, నేను ఈ బడి ప్రిన్సిపాల్ని."

"అయ్యుండొచ్చు. వచ్చినట్టు మాత్రం లేదు."

ఆయన తమిహానా పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన కర్రతో గేటు చూపించాడు. ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. ఇంతమంది పిల్లల ముందు ఇంకేం చేస్తాడు, మెల్విల్ లేచి మైదానం దాటి గేటు బయటికి వెళ్లి రీస్ పక్కన నిలబడ్డాడు. అత్త గొంతెత్తి పిలిచింది.

బయట ఉన్నది ఇద్దరు మగవాళ్లు. బదులు పలకాల్సింది ఆడమనిషి. మెల్విల్ అడుగు ముందుకు వేయబోతే రీస్ మోచెయ్యి పట్టుకుని ఆపాడు. ఆయన చదువుకున్నవాడు, ఆచారం బాగా తెలిసినవాడు. ఆ ఉద్యోగం ఆయనకు వచ్చిందే అందుకట. చేతులు కట్టుకుని తల వంచి అలాగే నిలబడ్డాడు. మెల్విల్ చేతులూపి సైగలు చేశాడు. కాసేపటికి లొరేన్ వగరుస్తూ రిపెకా దగ్గరికి వచ్చింది.

"ఒక్క ఐదు నిమిషాలు రమ్మంటున్నారు."

"నేనెట్లా వెళ్తాను లొరేన్? నేను పాతదాన్నిగా."

లొరేన్ ఆమె మొహం చూసింది, గేటు వైపు చూసింది, చేతిలో జాబితా మడిచి జేబులో పెట్టుకుని పక్క కుర్చీలో కూర్చుంది. అత్త మళ్లీ పిలవలేదు. వెళ్లి కుర్చీలో వెనక్కి వాలి, ఫ్లాస్కు మూత తీసి టీ పోసుకుంది. నీడలో పిల్లలు ఒకరినొకరు చూసుకుని ముసిముసిగా నవ్వుకోవడం మొదలుపెట్టారు. పాత పిల్లలూ కొత్త పిల్లలూ కలిసి నవ్వడం ఆ ఏడాదికి అదే మొదలు. గేటు బయట ఎండ నడినెత్తికి వస్తోంది.

రిపెకాకు తొందరేమీ లేదు. ఆమె ఒప్పందం జూన్ దాకా ఉంది.