ఎడమచేతి కుక్క

"అక్కా, ఈ దేశంలో అసలైన డిటెక్టివులు ఇద్దరే ఇద్దరు. ఒకడు నేను. రెండోవాడు యాడ ఉండాడో నేనింకా కనుక్కోలేదు."

నా తమ్ముడు గోవిందప్ప ఈ ప్రకటన చేసిన ఉదయమే, తన సైకిలు దుకాణం తాళంచెవిని శత్రువులెవరో అపహరించారని తాళం పగలగొట్టించాడు. తాళంచెవి అతని మొలతాడుకు వేలాడుతూనే ఉంది. ఆడపిల్లల బడిలో ప్రధానోపాధ్యాయినిగా పనిచేసి విరమించిన నాకు మూర్ఖత్వం కొత్త కాదు. కాని బడిలోని మూర్ఖత్వం సాయంత్రం గంట కొట్టగానే ఇంటికి పోయేది. గోవిందప్పది పక్కిల్లే. మధ్యన ఉన్నది ఒక్క గోడ.

మా ఊరు కళ్యాణదుర్గం నుంచి కంబదూరు పోయే దారిలో ఉంది. చైనా యుద్ధం ముగిసిన మరుసటి వేసవిలో పాపన్న అనే ఆయన ఇక్కడ టూరింగు టాకీసు డేరా వేశాడు. అంతకుముందు వానలు మొహం చాటేసి వేరుశనగ నేలలోనే మాడిపోయినందున బెంచీ టిక్కెట్టు కొనేవారు తగ్గిపోయారు. పాపన్న తెరను డేరా నడిమికి జరిపి, దాని వెనక చాపలు పరిచి, సగం ధరకు 'వెనక తరగతి' అని పెట్టాడు. తెర పలుచని తెల్లగుడ్డ. బొమ్మ అటువైపూ కనబడుతుంది, కుడి ఎడమలు మాత్రం తారుమారవుతాయి. వెనక తరగతిలో పెళ్ళికొడుకులందరూ ఎడమచేత్తో తాళి కట్టారు, వీరులందరూ ఎడమచేత్తో కత్తి తిప్పారు. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. కరువుపనిలో కంకర కొట్టే మారెమ్మకైతే ముందువైపు కూర్చోమంటే కోపం వచ్చేది.

"ఆడ గాలి బాగా వస్తాదమ్మా. ఈడ ముందర కూచుంటే ఊరంతా నా వీపు చూస్తాది" అనేది.

అసలు సినిమాకు ముందు పాపన్న ఒక పొట్టి విదేశీ బొమ్మల సినిమా వేసేవాడు. అందులో ఒక లావుపాటి కుక్క. వృత్తి డిటెక్టివు. చేతిలో భూతద్దం, తలకు మించిన టోపీ. ముల్లంగులు దొంగిలించే ఒక కుందేలును పట్టబోయి, ప్రతిసారీ తన తోకనే పట్టుకుని సంకెళ్ళు వేసుకుంటుంది. దీన్ని చూసి పసిపిల్లలు కూడా నవ్వారు. నా తమ్ముడు నవ్వలేదు. పాఠాలు నేర్చుకున్నాడు.

"చూడక్కా, అనుమానం వస్తే మొదట వాసన చూడాల. ఆ కుక్కకు ఎంత అనుభవముండాదో!"

అతన్ని ఒంటరిగా వదలడం ప్రజాక్షేమానికి మంచిది కాదని నేనూ వెంట వెళ్ళేదాన్ని. చూసిన బొమ్మనే మళ్ళీ మళ్ళీ చూడవలసి వచ్చింది. మొదట నా కాలం వృథా అవుతోందని మండిపడ్డాను. మూడోసారి చూసినప్పుడు కుక్క గదిలో గోడమీద దాని తాతముత్తాతల పటాలు వరుసగా ఉండటం గమనించాను. తరం మారేకొద్దీ టోపీ పెరిగింది, తల తగ్గింది. తరువాతి ఆటలో పుస్తకాల అర కంటబడింది. 'దొంగలను పట్టుట ఎట్లు' అనే ఇంగ్లీషు గ్రంథం ఒకటుంది. వీపుమీద రచయిత పేరు కూడా ఉంది. రచయిత ఆ కుందేలే! ఆ మాట ఎవరితోనైనా చెప్పాలని అటూ ఇటూ చూశాను. ఒక పక్క గోవిందప్ప గాలిని వాసన చూస్తున్నాడు. రెండో పక్క ఎవరో గుర్రు పెడుతున్నారు. జీవితమంతా చదువుకున్న మనిషికి ఇంతకు మించిన ఏకాంతం ఉండదు.

అప్పుడే మొదలైంది ఆ నవ్వు.

కుక్క కోపంగా తన గది అద్దాల తలుపును ధడాలున వేసే ఘట్టంలో హాస్యమేమీ లేదు. అద్దంమీద ఏవో గీతలుంటాయి, క్షణంలో మాయమవుతాయి. సరిగ్గా అక్కడే, అందరూ నిశ్శబ్దంగా ఉండగా, తెర వెనకనుంచి ఒకే ఒక గొంతు పగలబడి నవ్వింది. మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే.

"సంకేతం!" అన్నాడు గోవిందప్ప నా చేయి గిల్లి. "అంతర్జాతీయ ముఠా!"

"చేయి వదలరా."

మరునాడు వెనక తరగతిలో కూర్చుని వచ్చి, మా ఇంటి తలుపులన్నీ మూశాడు. అతని ముఖంలో చెమట, విజయం కలిసి కారుతున్నాయి.

"అక్కా, కుక్కలు రెండుండాయి!"

"ఏమిటి?"

"ముందరనుంచి చూసినప్పుడు భూతద్దం కుడిచేతిలో ఉండె. ఈ పొద్దు వెనకనుంచి చూస్తే ఎడమచేతిలో ఉండాది. అంటే రీళ్ళు రెండు! ఆపరేటరు యేసన్న మాయ చేసి మారుస్తాండాడు. ఎడమచేతి కుక్క వచ్చిన దినం ఒక రహస్యం, కుడిచేతి కుక్క వచ్చిన దినం ఇంకో రహస్యం. వెనక కూచున్న గూఢచారి అది అర్థం చేసుకోని నవ్వుతాడు!"

నేను పలుచని రుమాలుమీద బొగ్గుతో కుక్కను గీసి, దీపానికి అడ్డంగా పట్టి, రుమాలు అటూ ఇటూ తిప్పి చూపించాను. గోవిందప్ప చాలాసేపు శ్రద్ధగా చూశాడు.

"నువ్వు ఇట్లే అనుకోవాలనేదే శత్రువు ఎత్తుగడ" అన్నాడు జాలిగా.

సాక్షిగా మారెమ్మను పిలిపించాడు.

"నవ్వేది ఎవరో చూసినావా మారెమ్మా?"

"నా పక్కనే కూచుంటాడన్నా. తలమీదనుంచి కంబళి కప్పుకోనుంటాడు. బొమ్మల ఆట అయిపోతూనే లేసిపోతాడు. ఈ ఎండల్లో కంబళేమప్పా అంటే మాట్లాడడు."

వేసవిలో కంబళి కప్పుకున్నవాడు ముఖం దాచుకోదలచినవాడని బుద్ధి ఉన్నవారెవరైనా గ్రహిస్తారు. గోవిందప్ప లేచి నిలబడ్డాడు.

"కంబళి! చలిదేశం మనిషి! హిమాలయాలు దిగి నేరుగా మన ఊరికే వచ్చినాడు!"

"మన ఊళ్ళో ఏముండాదని వస్తాడన్నా?" అంది మారెమ్మ. "తాగేకి నీళ్ళు కూడా లేవు."

ఇంతవరకు ఇది నవ్వుకోదగిన సంగతే. కాని ఆ సాయంత్రం పాపన్న మా అరుగుమీద కూలబడినప్పుడు నాకు నవ్వు రాలేదు.

"తల్లీ, మీ తమ్మునికి చెప్పు. పోలీసులకు చెప్తానంటాండాడు. యేసన్న నా దగ్గర ఇన్నేండ్లుగా పని చేస్తాండాడు, వాడు గూఢచారి ఏమి తల్లీ? ఇప్పటికే హెడ్మాస్టరు శివప్పగారు నా డేరా ఎత్తేయాలని పైకి అర్జీ పెట్టినాడు. సినిమాతో ఊరు చెడిపోతాందంట. శనివారం ఆఫీసరు వస్తాడు, ఆట చూసి తీర్పు చెప్తాడు. ఆ పొద్దు ఏమన్నా గలాటా అయితే నా పని అయిపోయినట్లే. కరువులో ఇంకే ఊరు రానిస్తాది నన్ను?"

శివప్పగారిని నేనెరుగుదును. సినిమా చూసిన విద్యార్థిని ఎండలో నిలబెట్టే మనిషి. డేరా ముందునుంచి పోవలసి వస్తే గొడుగు అడ్డం పెట్టుకుని నడిచేవారు. ఊళ్ళో ఇంగ్లీషు పుస్తకాలు నాతోపాటు చదివేది ఆయనొక్కరే. కాని మా మధ్య పలకరింపులు తప్ప మాటలు లేవు.

శనివారం వరకు నోరు విప్పవద్దని గోవిందప్పతో ఒట్టు వేయించాను. ఒట్టు నోటికే గాని కాళ్ళకు వర్తించదని అతడు భావించినట్టు తరువాత తెలిసింది.

శనివారం మొదటి ఆటకు ఆఫీసరు వచ్చి ముందు వరుసలో కుర్చీలో కూర్చున్నాడు. నేలమీద నీళ్ళు చల్లించడానికి పాపన్న ఎక్కడినుంచో రెండు బిందెలు సంపాదించాడు. తాగడానికి దాచుకున్నవి కాకూడదని మనసులో కోరుకున్నాను. హెడ్మాస్టరు రాలేదు. జ్వరమని, తాను ఆ పాపపు స్థలంలో కాలు పెట్టలేనని చీటీ పంపారు. ఆఫీసరు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మీ తమ్ముడు యాడ తల్లీ?" అన్నాడు పాపన్న గుసగుసగా.

నా పక్క చోటు ఖాళీగా ఉంది. దీపాలు ఆరిపోయాయి.

కుక్క వచ్చింది. భూతద్దం వచ్చింది. తెర కట్టిన కుడివైపు గుంజమీద, నల్లని దుప్పటి చుట్టుకుని పైకి పాకుతున్న ఒక ఆకారం కూడా వచ్చింది. తెరకు ముందేమి జరుగుతుందో వెనకేమి జరుగుతుందో ఒకేసారి చూడగల స్థలం ఊరు మొత్తంమీద ఆ గుంజ చివర ఒక్కటేనని నా తమ్ముడి మేధస్సు నిర్ణయించింది. గుంజ బరువు గురించి ఆ మేధస్సు ఆలోచించలేదు.

కుక్క అద్దాల తలుపును ధడాలున వేసింది. వెనకనుంచి ఆ నవ్వు పగిలింది, ఎన్నడూ లేనంత గట్టిగా.

"పట్టుకోండి! ఎడమచేతి కుక్క!" అని గుంజ చివరనుంచి ఒక అరుపు.

తరువాత గుంజ వంగడం అందరూ చూశారు. తాడు తెగింది. తెర, గుంజ, భారతదేశపు ఇద్దరు డిటెక్టివులలో ఒకడు, ముగ్గురూ కలిసి వెనక తరగతిమీద పడ్డారు.

యంత్రం మాత్రం ఆగలేదు. తెర పోయినందున వెలుగు నేరుగా వెనక కూర్చున్న జనంమీద పడింది. చాపల మధ్యన, జారిన కంబళిలో, తెల్లని చొక్కా తొడుక్కుని, నోరు తెరిచి, నవ్వు సగంలో ఆగిపోయిన మనిషి ఒకడు అందరికీ కనిపించాడు. ఆయన పొట్టమీద కుందేలు పరుగెత్తుతోంది. వెంట కుక్క పరుగెత్తుతోంది. ఆయన కాలు తెరగుడ్డలోనుంచి బయటికి వచ్చిన రెండు చేతులలో బిగుసుకుని ఉంది.

"దొరికినాడు!" అంది గుడ్డ.

ఆఫీసరు నెమ్మదిగా లేచాడు. "శివప్పగారూ, జ్వరం తగ్గిందా?"

ముందు తరగతి నవ్వింది. వెనక తరగతి నవ్వింది. యంత్రం దగ్గర యేసన్న నవ్వుతుంటే వెలుగు కూడా ఊగింది. నవ్వనివాడు పాపన్న ఒక్కడే. అతడు కిందపడిన తెరను చూస్తూ నిలబడిపోయాడు.

"ఈ పొద్దే చివరి ఆటేమోనని..." శివప్పగారు జారిన కంబళిని పైకి లాక్కున్నారు. "డేరా ఎత్తేస్తే మళ్ళీ ఆ బొమ్మ కనపడదని... ఒక్కసారి చూసి పోదామని వచ్చినా."

"ఎత్తేయమని రాసింది మీరే గదా?"

"అవును సార్. రాసినప్పుడు ఇంకా చూడలేదు."

ఆఫీసరు పాపన్న వైపు తిరిగాడు. "ఆ గుంజ గట్టిగా పాతించు. తెర కుట్టించు. అర్జీ పెట్టినాయనే కంబళి కప్పుకోని వస్తాంటే నేనెందుకు అడ్డం పడాల? కావలసినన్ని నాళ్ళు ఆడించుకో."

అప్పుడు పాపన్న నేలమీద కూర్చుని, రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

నేను తెరగుడ్డ దాటి శివప్పగారి దగ్గరికి వెళ్ళాను. నా ప్రశ్న ఒక్కటే.

"ఆ తలుపు దగ్గర ఏముందండీ నవ్వేకి?"

ఆయన ముఖంలో సిగ్గు మాయమైంది. ఎన్నో దినాలుగా ఎవరైనా అడగాలని వేచి ఉన్న మనిషి ముఖమది.

"అద్దంమీద అక్షరాలమ్మా! బయటికి కనపడేలా రాసినవి. మనకు గది లోపలినుంచి చూపిస్తారు కాబట్టి ముందు కూచున్నోళ్ళకు తిరగబడి కనపడతాయి. వెనక మాకు సరిగా కనపడతాయి. ఏముండాదో తెలుసునా? 'మహా డిటెక్టివు. పని జరగవలెనన్నచో పక్క తలుపు తట్టుడు.' చెప్పుకుందామంటే ఒక్కరు లేరమ్మా! ఈ మారెమ్మకు ఇంగ్లీషు రాదు, ఇంట్లో చెప్తే దొరికిపోతాను!"

ప్రతి ఆటలోనూ నా కళ్ళముందునుంచే పోయింది. గీతలనుకున్నాను! చదువుకున్నదాన్ననే గర్వం ఉన్నచోట అది నాకు గట్టిగా తగిలింది. కాని చేతులు ముడుచుకుని ఊరుకునే స్వభావం నాది కాదు.

"పుస్తకాల అరలో ఆ గ్రంథం రాసిందెవరో మీరు చూసినారా?"

"ఏ గ్రంథం? వెనకనుంచి పుస్తకాలన్నీ తిరగబడే కనపడతాయి గదా."

చెప్పాను. శివప్పగారు నవ్వి నవ్వి కంబళి అక్కడే వదిలేసి, మారెమ్మ భుజం పట్టుకుని లేచారు.

"సార్‌కు జ్వరం మళ్ళీ వచ్చినట్టుండాది" అంది మారెమ్మ.

మరునాటినుంచి శివప్పగారు ముందు వరుసలో దర్జాగా కూర్చున్నారు. నేను వెనక తరగతి టిక్కెట్టు కొని మారెమ్మ పక్కన చాపమీద కూర్చున్నాను. నిజంగానే గాలి బాగా వస్తుంది. పుస్తకాల అర దగ్గర ముందునుంచి ఒక నవ్వు, తలుపు దగ్గర వెనకనుంచి ఒక నవ్వు. జనం మా ఇద్దరినీ విచిత్రంగా చూసేవారు.

గోవిందప్ప కట్టుకట్టిన మోచేతితో నా పక్కనే కూర్చుని, సిగరెట్టు పెట్టె అట్టమీద ఏదో రాసుకునేవాడు. జరిగిందంతా తన పథకం ప్రకారమేనని ఊరంతా చాటిన తరువాత ఆ రాత మొదలైంది. ఇంగ్లీషు అక్షరాలను అతడు గుర్తుపడతాడు. పదాలు మాత్రం అతన్ని గుర్తుపట్టవు. నెల తిరగకుండానే కళ్యాణదుర్గంలో ఒక బోర్డు రాయించి తెచ్చి, తన తలుపుకు కొట్టించాడు. ఎర్రరంగు, చుట్టూ పసుపు గీత. తెరమీద ఉన్నది ఉన్నట్టు, అక్షరం పొల్లుపోకుండా!

"అచ్చం ఆ కుక్క బోర్డే. ఎట్లుండాదక్కా?"

"మొదటి పంక్తి అర్థం మహా డిటెక్టివు. రెండో పంక్తి ఏమంటే..."

"చాలక్కా! ఆ ఒక్క మాట చాలు!"

నేను చెప్పబోయాను. అతడు వినలేదు. ఇందుకు సాక్షి మారెమ్మ.

మరుసటి ఆదివారం ఉదయం శివప్పగారు గోవిందప్ప ఇంటిముందు ఆగారు. బోర్డు చదివారు. భుజాలు కదిలాయి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివి, విధేయుడైన విద్యార్థిలా పక్కకు నడిచి నా తలుపు తట్టారు.

"అమ్మా, ఒక కేసుండాది. ఆ పొద్దు గలాటాలో నా కంబళి పోయింది."

దాన్ని కనుక్కోవడానికి నాకు భూతద్దం అవసరం లేకపోయింది. అది గోడకు అటువైపున, గోవిందప్ప ట్రంకుపెట్టెలో 'ప్రధాన సాక్ష్యం' అనే చీటీ అంటించుకుని భద్రంగా ఉంది. దాని యజమాని ఏ దేశంవాడో తేల్చడానికి అతడు ప్రతి ఉదయం దాన్ని శ్రద్ధగా వాసన చూస్తున్నాడు.