ఆత్మకూరులో ఆగని డబ్బా

ఆ శనివారం పొద్దున రాధిక పెట్టుకున్న పని ఒక్కటే. ఆదివారం మధ్యాహ్నం దాకా రాళ్ల మిషను ఆగకుండా తిరగాలి. ఆమె ఆత్మకూరు బజారు వీధిలో పప్పుల కొట్టు నాగార్జున భార్య. సోమశిల దిగువన పెన్న ఇసుకలో ఏరుకొచ్చిన గులకరాళ్లను, నీళ్లూ రాపిడి పొడీ పోసిన డబ్బాలో దొర్లిస్తే అద్దాల్లా మెరుస్తాయని ఫోనులో చూసి ఆ మిషను తెప్పించుకుంది. వారాల తరబడి దొర్లించింది. ఇక మిగిలింది చివరి మెరుగే. మధ్యలో ఆపితే పొడి అడుక్కి దిగి గడ్డకడుతుంది, పడిన పాటంతా మట్టిపాలు.

"ఆదివారానికి ఒక్క రాయన్నా మెరవాల. లేదా, మిషను పాత ఇనుముకే," అని నాగార్జున అప్పటికే తీర్పు చెప్పేశాడు.

"చూస్తా ఉండు," అంది రాధిక.

మిషనుకేమో కాళ్లొచ్చాయి! బల్ల మీద పెడితే అదురుతూ అంచుదాకా నడిచిపోతోంది. రాధిక కొంగు బిగించింది. సామాన్ల గదిలో గోనెసంచులు మడిచి పరిచింది, వాటి మీద చెక్క వేసింది, చెక్క కదలకుండా గ్రైండర్ రాయి తెచ్చి బరువు పెట్టింది. ఎత్తు తగ్గిన కాలి కింద అట్టముక్క తోసి, ఇరుసుకు ఒక చుక్క నూనె వేసింది. డబ్బా వెలితిగా ఉండి రాళ్లు ఢమఢమ కొట్టుకుంటున్నాయని, తీసిపెట్టిన నున్నటి చిన్న రాళ్లు కలిపింది. అప్పటికి గాని మోత తగ్గి, గరగరమని సన్నటి శబ్దం మొదలవలేదు. అచ్చం మినప్పప్పు రుబ్బుతున్నట్టే ఉంది. రాధిక పొంగిపోయింది. కొంప ముంచింది ఆ శబ్దమే.

గోడకవతల నాగార్జున పిన్ని పెంచలమ్మ కాపురం. ఆ వీధిలో గ్రైండర్ ఒక పూట తిరిగితే టిఫిను, రెండు పూటలు తిరిగితే శుభకార్యం. సాయంత్రానికీ ఆగకపోయేసరికి, తనకు చెప్పని శుభకార్యమా అని ఆమె గోడ మీదుగా తల పెట్టింది.

"ఏమే రాధికా, ఏంది అంతసేపు రుబ్బతా ఉండావు?"

రాళ్లని చెబితే వీధంతా ఎగతాళి చేస్తుందని రాధిక నసిగింది. "ఊరికేలే అత్తా. ఏదో కొంచెం."

పెంచలమ్మ లోపలికి పోయి ఉదయగిరిలో ఉన్న తన అన్న కోదండరామయ్యకు ఫోను కొట్టింది. "అన్నా! నాగార్జున కూతురు అశ్వితకు నిశ్చితార్థం పెట్టుకున్నట్టుండారు. గుట్టుగా పిండి రుబ్బతా ఉండారు. నీకేమన్నా చెప్పినారా?"

"వాడికి మేనమామను, నాకే చెప్పలా?"

ఆదివారం పొద్దున బస్సుకే ఆయన దిగాడు. ఎంత కోపమున్నా ఉత్త చేతులతో పోకూడదని, ఉదయగిరిలో పేరుమోసిన చెక్క గరిటెల కట్ట చంకన పెట్టుకొచ్చాడు. అప్పటికే నిశ్చితార్థం కబురు వీధంతా పాకింది; పూలమ్మే వెంకమ్మ గంపతో రాధిక గుమ్మంలో కూర్చుంది. కొట్టుకొచ్చిన గిరాకీలు నాగార్జున చెయ్యి పట్టుకుని ఊపేశారు. అతను కొట్టు వదిలి ఇంటికి పరిగెత్తుకొచ్చాడు.

"బిడ్డ పెళ్లి నాకు చెప్పకుండా కుదిర్చినావా?" అని పెళ్లాన్ని నిలదీశాడు.

"ఏ పెళ్లి?" అంది రాధిక. వినేదెవరు? పెంచలమ్మ అప్పటికే సామాన్ల గదివైపు నడిచింది. "రుబ్బింది చాల్లే, ఆపేస్తా ఉండు."

రాధిక తలుపుకు అడ్డం నిలబడింది. "నీ కాళ్లు పట్టుకుంటా అత్తా, ఆపొద్దు! ఇంకొంచెంసేపు తిరగాల!"

"ఇంకా గారెల పిండా?" కోదండరామయ్య కోపం సగం దిగింది. అందరూ గారెల కోసం విస్తరాకులు వేసుకుని కూర్చున్నారు.

మధ్యాహ్నం రాధిక డబ్బా తెచ్చి, అందరి ముందూ జల్లెడలో వంచింది. బూడిదరంగు బురద కారింది.

"అయ్యో, పిండి చెడిపోయినాది!" అని పెంచలమ్మ గుండెలు బాదుకుంది.

రాధిక చెంబుడు నీళ్లు పోసింది. ఎర్రవి, తేనెరంగువి, చారలవి బయటపడ్డాయి. కోదండరామయ్య ఒకటి తీసి పంచెతో తుడిచాడు. తడి ఆరినా మెరుపు తగ్గలేదు. "మొగం కనపడతా ఉండాది రా నాగార్జునా!"

రాధిక గుండె నిండిపోయింది. మొగుడి వైపు తిరిగింది. "పాత ఇనుముకా?"

నాగార్జున ఒక రాయి తీసి వెలుతురుకు పట్టి చూశాడు. "ఉండనీలే."

"రాళ్లు బాగానే ఉండాయి," అంది పెంచలమ్మ ఖాళీ ఆకు చూసుకుంటూ. "గారెలేవి?"

నాగార్జునే కొట్టు నుంచి మినప్పప్పు తెచ్చి నానబోశాడు. మిషను పక్క నుంచి గ్రైండర్ రాయిని తనే మోసుకొచ్చి కడిగాడు.

ఇప్పుడు ఆ వీధిలో ఎవరింట గ్రైండర్ తిరిగినా పెంచలమ్మ గోడ మీదుగా ఒకటే అడుగుతుంది: "పప్పా, రాళ్లా?"