బంద్ మామూలా, మినహాయింపా?

తప్పులు చేయడం మనిషి ఏనాడో నేర్చుకున్నాడు గానీ, చేసిన తప్పును ఎవరికీ కనపడకుండా చేసే విద్య మాత్రం 2011లో, దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక గాజుల దుకాణం పై అంతస్తులో పరిపూర్ణత సాధించింది. ఆ అంతస్తులో నిర్విఘ్న సాఫ్ట్‌వేర్ అనే సంస్థ ఉండేది. అధిపతి మల్లికార్జునరావు గారి ఒకటో నంబరు సర్క్యులర్ ఇది: 'మన వెబ్‌సైట్లలో ఎర్రర్ అనునది కనపడరాదు.' (ఉండరాదని మాత్రం అనలేదు. రావు గారు అసాధ్యమైనవి అడిగే మనిషి కారు.)

అక్కడ ప్రోగ్రాములు రాసే సౌజన్యది మీర్‌పేట్. అప్పుడామె చేతిలో ఉన్నది ఎల్‌బీనగర్‌లోని చల్లనిచూపు కంటి దవాఖాన వెబ్‌సైటు. ఆపరేషన్‌కు తేదీ కోరుకుంటే చీటీ ఇవ్వడం దాని పని. బంద్ పిలుపు ఉన్న రోజును కోరుకుంటే మాత్రం, ఆ రోజు దవాఖాన తెరవదు గనక, ప్రోగ్రాం చేతులెత్తేసి ఆగిపోయేది. ఇలా చేతులెత్తేయడాన్ని ఆ వృత్తిలో ఎక్సెప్షన్ (మినహాయింపు) అంటారు. దాన్ని ఒడిసిపట్టి, తర్వాత ఏం చేయాలో చెప్పే కోడును క్యాచ్ అంటారు.

సౌజన్యకు ఇందులో పెద్ద చిక్కేమీ కనపడలేదు. "ముందుగాల తెలిసినదానికి ఎక్సెప్షన్ ఎందుకు సార్? ఆ రోజు బంద్ ఉన్నదా అని అడిగి, ఉంటే ఇంకో రోజు చూపెడితే అయిపాయె. సర్వర్ పడిపోయేది మనకు ముందుగాల తెల్వదు. గట్లాంటిదానికే క్యాచ్ పెట్టాలె" అంది.

రావు గారు ఆ మాటలోని ప్రమాదాన్ని వెంటనే పసిగట్టారు. బంద్‌ను మామూలు సంగతిగా రాస్తే, రాష్ట్రంలో బంద్‌లు మామూలేనని సంస్థ ఒప్పుకున్నట్టవుతుంది. పోనీ ఎక్సెప్షన్ అందామంటే, పక్క సీట్లో జై తెలంగాణ బ్యాడ్జీ పెట్టుకుని కూర్చున్న భిక్షపతి నొచ్చుకున్నాడు. ఉద్యమాన్ని ఎర్రర్ల కింద జమకడతారా అని నిలదీశాడు. అందుచేత మినహాయింపుల నిర్ధారణ ఉపసంఘం ఒకటి ఏర్పడింది. (దాని మొదటి మూడు సమావేశాలు బంద్ వల్ల వాయిదా పడ్డాయి. ఆ వాయిదాలు మామూలువా, ప్రత్యేకమైనవా అన్న ప్రశ్నను నాలుగో సమావేశానికి నివేదించారు.)

చివరికి ఉభయపక్షాలకూ సమ్మతమైన తీర్మానం జరిగింది. ఏం జరిగినా పట్టుకునే క్యాచ్ ఒకటి పెట్టాలి, దాని లోపల ఏమీ రాయకూడదు. ఏమీ అనకపోతే ఎవర్నీ ఏమీ అన్నట్టు కాదు. ప్రోగ్రాం కూడా ఆగకుండా కింది వరుసకు పోయి 'మీ తేదీ ఖరారైంది' అని చీటీ ఇచ్చేస్తుంది. సౌజన్య నెత్తి కొట్టుకుని, చెప్పినట్టే రాసింది. నెలరోజులు ఒక్క ఫోనూ రాలేదు. రావు గారికీ భిక్షపతికీ ఒక విషయంలో ఏకాభిప్రాయం కుదిరిందన్న సంతోషంతో మిర్చిబజ్జీలు తెప్పించుకున్నారు.

సౌజన్య తల్లి సుమిత్రమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. కంట్లో పొర ముదిరి, సూదిలో దారం ఎక్కించాలంటే పక్కింటివాళ్లను బతిమాలుకోవాల్సి వస్తోంది. సౌజన్య బంద్ లేని మంగళవారం చూసి, అదే సైటులో తల్లికి తేదీ తీసుకుంది. సరిగ్గా ఆ నిమిషంలో, తేదీలు నమోదు చేసుకునే దవాఖాన సర్వర్ పడిపోయింది. ఖాళీ క్యాచ్‌కు బంద్ అయినా ఒకటే, సర్వర్ అయినా ఒకటే. చీటీ మాత్రం నిక్షేపంగా వచ్చింది.

మంగళవారం దవాఖానలో చూస్తే సుమిత్రమ్మ పేరు లేదు. అలాంటి చీటీలే పట్టుకుని ఇంకో ఇరవై ఆరుగురు నిలబడి ఉన్నారు. సుమిత్రమ్మ కోప్పడలేదు. "నీ కంప్యూటర్ల ఉన్న పేరు ఈడ లేదంటున్నరు బిడ్డా. జర నువ్వే ఏందో చూడు" అంది. ఆ ఖాళీ క్యాచ్ రాసింది తనే. సౌజన్యకు సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

తిన్నగా ఆఫీసుకు పోయి, ఎవర్నీ అడక్కుండా కోడు మార్చేసింది. బంద్ సంగతి ముందే అడిగి చూసుకునేట్టు రాసింది. క్యాచ్‌ను సర్వర్ పడిపోవడానికి మాత్రమే ఉంచి, దాని లోపల 'తేదీ దొరకలేదు, తప్పు మాదే, కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి' అని పెట్టింది. బుధవారం ఆ సైటు నూట పన్నెండు మందికి ఆ నిజం చెప్పింది. మిగిలినవాళ్లకు నిజం తేదీలు ఇచ్చింది. నాలుగోసారి ప్రయత్నిస్తే సుమిత్రమ్మకూ ఒకటి దొరికింది. ఆపరేషనైంది. కట్టు విప్పాక ఆమె సూదిలో దారం తనే ఎక్కించుకుని, కూతురి మొహం చూసి, "గింత చిక్కినవేందే" అంది. సౌజన్యకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

బుధవారంనాటి ఆ నూట పన్నెండు మందీ ఆ రోజే ఫోన్లు చేశారు. నెలంతా లేని ఫిర్యాదులు ఒక్కరోజులో వచ్చాయంటే లోపం ఎక్కడుందో మీరే చెప్పండని రావు గారు అడిగారు. భిక్షపతి కూడా కాదనలేదు. గురువారం పొద్దున్నే పాత కోడు తిరిగి పెట్టారు, ఫోన్లు ఆగిపోయాయి. ఏడాది చివర దవాఖానకు పంపిన నివేదికలో, సైటు పనిచేయని రోజు ఒక్కటేనని రాశారు. అది ఆ బుధవారం.