కాచిన రక్తం

పాల డిపో ఆసామికి ఆ పొద్దున ఉన్నది ఒక్కటే పని. తొమ్మిదింటికి బ్లడ్ బ్యాంకులో రక్తం సంచి తీసుకుని, నాలుగు వీధుల అవతల ఆసుపత్రి గేటు దగ్గర నర్సు చేతికివ్వాలి. పదకొండింటికి ఆయన భార్య కడుపులో గడ్డ తీస్తారు. ఆమె అసలే రక్తం తక్కువ మనిషి. సంచి రానిదే కత్తి పట్టనని డాక్టరు తెగేసి చెప్పాడు. పని చిన్నదే. చేసేవాడు ఆయన కావడమే చిక్కు.

అవి దగ్గు వైరస్ రోజులు. దాని గురించి ఆయనకు తెలియనిది లేదు. ఫోనులో వచ్చిన ప్రతి చెత్తా చదివి, చుట్టాలందరి ఫోన్లలో పోసేవాడు.

"ఈ రక్తం ఇచ్చినవాడికి దగ్గుందా?" అని బ్లడ్ బ్యాంకు అమ్మాయిని నిలదీశాడు.

"దగ్గూ జ్వరం ఉన్నవాళ్ళని గుమ్మం దాటనివ్వమండీ. అయినా ఇది ఊపిరితో అంటుకునే జబ్బు. రక్తం ఎక్కించుకుని తెచ్చుకున్నవాళ్ళు ఇంతవరకూ లేరు. రక్తంతో వచ్చే జబ్బులకి పరీక్షలన్నీ చేశాం. చల్లగా ఉండాలి, ఐసుపెట్టె మూత తియ్యకండి."

"నువ్వు పుట్టకముందు నుంచీ పాలు కాస్తున్నానమ్మా, నాకు చెప్పకు," అని మొహం మీద అరిచి వచ్చేశాడు.

దారిలోనే డిపో. బావమరిది క్యాన్లు కడుగుతున్నాడు.

"నీళ్ళు పెట్టరా. అరవై మూడు డిగ్రీలు, అరగంట. పాలల్లో చచ్చే పురుగు రక్తంలో చావదా?"

"బావా, అది అక్కకి ఎక్కించేది. ఒక్కసారి అడిగి చేద్దాం."

"ఎవర్నిరా అడిగేది? నాకు సర్టిఫికెట్టుంది."

ఉంది. పాలు కాచడానికి.

ఆసుపత్రి గేటు దగ్గర నర్సు పెట్టె మూత తీసింది. సంచి వెచ్చగా ఉంది. లోపల నల్లగా గడ్డలు.

"ఇదేంటి? దీన్ని ఎవరు కాచారు?"

"నేనే. బాగా కాగింది. ఇంక భయం లేదు."

నర్సు నోట వచ్చిన మాటలు రాయదగ్గవి కావు. సంచి చెత్తబుట్టకూ, ఆపరేషను మర్నాటికీ పోయాయి. ఆ రకం రక్తంలో బ్యాంకులో ఉన్నది ఆ ఒక్క సంచే. ఈ భయంలో ఇవ్వడానికి ఎవరూ రావడం లేదు. మధ్యాహ్నంలోగా మనిషిని తెమ్మన్నారు.

ఆయన లెక్కలో ఆ రక్తం ఉన్న చుట్టాలు ఏడుగురు. ఆయన వరసగా ఫోను చేశాడు.

"రక్తమిస్తే ఒంట్లో బలం తగ్గి వైరస్ దూరుతుందని నువ్వే కదా పెట్టావు అన్నయ్యా?" అన్నాడు పెదనాన్న కొడుకు.

"సూది గుచ్చిన చోటే లోపలికి పోతుందన్నావు మామయ్యా, ఎర్రక్షరాలతో," అన్నాడు మేనల్లుడు.

"నీ మాట కాదంటానా అల్లుడూ?" అని పినమామ ఫోను పెట్టేశాడు.

ఏడుగురూ అంతే. ఆయన మాట అంతమంది విన్నది జీవితంలో అదే మొదటిసారి.

చివరికి తన చెయ్యే గతయింది. ఆయనదీ ఆ రక్తమే. బ్లడ్ బ్యాంకు గుమ్మంలో అమ్మాయి జ్వరం చూసింది.

"నూట ఒకటి. ఎన్నాళ్ళుగా?"

"జ్వరం కాదమ్మా. రెండ్రోజులుగా గొంతు గరగర. పాల ఆవిరికి."

"పొద్దున నా మొహం మీద అరిచింది ఈ గొంతుతోనేనా? మాస్కు పెట్టుకుని ఇంటికెళ్ళండి బాబూ!"

పరీక్షలో వైరస్సే అని తేలింది. ఆయనతో తిరిగిన బావమరిదికీ గది చెర తప్పలేదు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడింది.

సంగతంతా నర్సు చెప్పగా విని, వారం నుంచీ ఆసుపత్రి మంచం మీదే ఉన్న భార్య నిట్టూర్చింది. తోటికోడలికి ఫోను చేసింది. ఆమెదీ ఆ రక్తమే. "ఈ వైరస్ కబుర్లు మీకెవరు చెప్పారు బావగారూ?" అని అడిగిన పాపానికి పోయిన నెల ఆయన ఆమెకు మెసేజిలు పంపడం మానేశాడు. అందువల్ల ఆమె బుర్ర శుభ్రంగా ఉంది.

"ఇంత దానికి బతిమాలాలా అక్కా? వస్తున్నా," అంది. వచ్చింది, ఇచ్చింది. రాత్రికి పరీక్షలు ముగిశాయి. మర్నాడు గడ్డ తీసేశారు. సాయంత్రానికి ఆమె కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది.

తోటికోడలు ఆయనకు ఫోను చేసి, "అక్క బాగుంది బావగారూ. పచ్చి రక్తమే ఎక్కించారు," అని చెప్పింది.

తన జ్వరం ఆ సంచిని ముట్టుకోవడం వల్లే వచ్చిందని ఆయన ఇప్పటికీ చెబుతుంటాడు.