సిగ్గరి చేప

ఆ ఆదివారం కళ్ళద్దాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి గాజుతొట్టి కిటికీ పక్క బల్లమీద పెట్టాలి. పదకొండుకు ఇసుక, పన్నెండుకు మొక్కలు, ఒంటిగంటకు నీళ్ళు. ఆసుపత్రిలో పొద్దుటి డ్యూటీ ముగించుకుని రెండింటికి భార్య ఇంటికొచ్చేసరికి తండ్రీకూతుళ్ళిద్దరూ చేతులు కడుక్కుని బుద్ధిగా కూర్చుని ఉండాలి. అంతే. ఇందులో అబద్ధానికి ఎక్కడా చోటు లేదు.

ఆయనకు వీధి మలుపులో చిన్న దుకాణం. వచ్చినవాళ్ళ చూపు పరీక్షించి, నంబరు తేల్చి, అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం పని. నెమ్మదైన మనిషి. అద్దాన్ని వెలుగుకు పట్టి చూస్తూ, ఎందుకు పట్టుకున్నాడో మరిచిపోయి, అలాగే కాసేపు నిలబడిపోవడం ఆయనకు అలవాటు. ఒక్కగానొక్క కూతురికి ఐదేళ్ళు. నిద్రలేచింది మొదలు ఇల్లంతా కిచకిచలే గనక పిచ్చుక అని పిలిచేవారు. ఆ పేరు ఇంటి గడప దాకానే చెల్లేది. కొత్తబడిలో చేర్చి నెలన్నర దాటినా పిల్ల అక్కడ నోరు మెదపలేదు. టీచరు పేరు అడిగినా, తోటిపిల్లలు బంతి ఇచ్చినా, తన బూట్లకేసి చూసుకునేది.

"మొక్కలున్న నీళ్ళతొట్టి ఒకటి పెడదామండీ. మా పిల్లల వార్డులో ఉంది. దాని ముందు కూర్చోబెడితే ఎంత బెదిరిన పిల్లలైనా కుదుటపడతారు" అన్నది నర్సు ఉద్యోగం చేసే భార్యే.

తొట్టీ మొక్కలూ అమ్మినావిణ్ణి ఊరంతా చేపలక్క అంటారు. చేపల విషయంలో తప్ప ఆవిడ ఎవరినీ కోప్పడదు. చేపల విషయంలో ఎవరినీ వదలదు.

"ఇసుక బాగా కడగండి. మొక్కల్ని వేరే బకెట్లో జాడించి నాటండి. మా తొట్లలోంచి తీసినవి కదా, ఏవేవో అంటుకునుంటాయి. నీళ్ళు నేరుగా పోయకండి, ఇసుక మీద పళ్ళెం పెట్టి దాని మీద పోయండి. మూడు వారాల దాకా చేప మాట ఎత్తొద్దు."

"మూడు వారాలా?"

"నీళ్ళు పండాలి సార్. కంటికి కనపడని జీవులు పుట్టుకొచ్చి మురికిని తినడం మొదలెట్టాలి. ఈలోగా చేపని వేశారో, చంపినట్టే లెక్క."

ఇసుక కడగడంతోనే పథకం అరగంట వెనకబడింది. ఎన్ని బకెట్లు మార్చినా నీళ్ళు పాలలాగే ఉన్నాయి. అందుకని మొక్కల్ని జాడించే సంగతి ఆయన సుతారంగా మరిచిపోయాడు. పిచ్చుక ఒక్కో మొక్కనూ రెండు వేళ్ళతో అందిస్తుంటే, పొడుగాకులవి వెనక, గుబురువి పక్కన, పొట్టివి ముందు నాటాడు. చెంబుతో పళ్ళెం మీద నీళ్ళు పోశాడు. నీటిమట్టం పైకొచ్చేకొద్దీ వాలిపోయిన ఆకులు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి, నిద్రలోంచి మనుషులు లేచినట్టు. కిటికీలోంచి వచ్చిన ఎండ తొట్టిలోకి దిగి, అటువైపు గోడమీద ఆకుపచ్చగా ఊగింది. గదిలో గడియారం ఉంది, అది కొట్టుకుంటూనే ఉంది, అయినా ఇద్దరికీ వినపడలేదు.

చాలాసేపయ్యాక పిచ్చుక అడిగింది. "చేప ఏది నాన్నా?"

మూడు వారాలని చెబుదామనే నోరు తెరిచాడు. పిల్ల కింది పెదవి అప్పటికే వణుకుతోంది. ఐదేళ్ళ మనిషికి మూడు వారాలంటే పెద్దవాళ్ళకు పదవీ విరమణంత దూరం.

"ఉందమ్మా" అన్నాడు.

"ఎక్కడ?"

"ఆ గుబురు వెనకాల. దానికి... సిగ్గు. ఇల్లు కొత్త కదా. బయటికి రాదు, ఎవరితోనూ మాట్లాడదు."

పిచ్చుక తొట్టికి దగ్గరగా జరిగి, ముక్కు గాజుకు ఆనించి, గొంతు బాగా తగ్గించింది. "నాలాగానా?"

ఇక వెనక్కి తీసుకునే మాట కాదది.

రెండింటికి భార్య వచ్చింది. కూతురు చెప్పిందంతా విని, వంటింట్లోకి పిలిచింది.

"మూడు వారాలు ఆగమన్నారుగా. అప్పుడే వేసేశారా?"

"లేదు."

"మరి అది చెప్పేది?"

ఆయన విషయం చెప్పాడు. ఆవిడ నుదురు కొట్టుకోలేదు, నవ్వనూ లేదు. మంచినీళ్ళు తాగి గ్లాసు బోర్లించింది. "అబద్ధమాడినా అతికినట్టుండాలండీ. మీరే మొదలెట్టారు, మీరే ముగించండి. నన్ను మాత్రం సాక్ష్యానికి పిలవకండి."

రేపు చెబుదాం, అనుకున్నాడు.

ఆ రేపు సాయంత్రం బడి గేటు దగ్గర టీచరు ఆయన కోసమే నిలబడి ఉంది. కళ్ళు మెరుస్తున్నాయి.

"మీ అమ్మాయి మాట్లాడింది సార్! అందరి ముందూ నిలబడి మాట్లాడింది!"

"ఏం మాట్లాడింది?"

"మీ ఇంట్లో చేప గురించి. సిగ్గుపడేవాళ్ళని పిలిస్తే రారట, పక్కన ఊరికే కూర్చుంటే వాళ్ళే వస్తారట. నాకే తోచలేదు చూడండి, నెలన్నరగా పిలుస్తూనే ఉన్నాను! ఆ చేపకి నేను దండం పెట్టాలి."

అదే సమయమని, నిజం చెప్పేద్దామని, ఆయన గొంతు సవరించుకున్నాడు. అంతలో పిచ్చుక ఇంకో పిల్ల చెయ్యి పట్టుకుని గేటు దాటి వస్తూ కనిపించింది. ఇంకో పిల్ల చెయ్యి! సవరించుకున్న గొంతుతో దగ్గి ఊరుకున్నాడు.

పై అంతస్తులో వయొలిన్ మాస్టారుంటారు. ఉద్యోగం మానేసి చాలాకాలమైంది. నోట్లో నువ్వుగింజ నానదు. పిచ్చుక మెట్లమీదే ఆయనకు సంగతంతా చెప్పేసింది. ఆయన చెప్పులు విడిచి లోపలికొచ్చి, కుర్చీ లాక్కుని తొట్టి ముందు కూర్చున్నారు. అరగంట కూర్చున్నారు. ఆకులు ఊగాయి, ఎండ గోడమీంచి తలుపుమీదికి జరిగింది. మాస్టారి వేళ్ళు ఎప్పుడో మరిచిపోయిన పాటేదో వాయిస్తున్నట్టు మోకాలిమీద కదిలాయి.

"చూశానోయ్" అన్నారు చివరికి. "ఎరుపు. తోక దగ్గర కాస్త నలుపు. మెరుపులా వెళ్ళిపోయింది."

కళ్ళద్దాలాయన ఆ మొహంలోకి పరకాయించి చూశాడు. హాస్యం లేదు. మాస్టారికి నిజంగానే కనిపించింది.

బుధవారం అద్దెవసూలుకొచ్చిన ఇంటాయనకు పసుపురంగులో కనిపించింది. గురువారం మీటరు చూడ్డానికొచ్చినావిడకు నీలంగా కనిపించింది, పైగా మీసాలు కూడా ఉన్నాయట. ఒక్కొక్కరూ పదినిమిషాలనుకుని కూర్చుని గంటసేపు ఉండిపోయి, వెళ్ళేటప్పుడు గొంతులు తగ్గించి మాట్లాడేవారు. గోరంత అబద్ధం నాలుగు రోజుల్లో కొండంతై, దానికి రంగులూ మీసాలూ మొలిచాయి. ఊరందరికీ కనిపించేది తనకొక్కడికే కనపడకపోవడం ఆయనకు అదోరకం ఒంటరితనంగా తోచింది. ఒకసారి తలుపు గడియపెట్టి, నేలమీద కూర్చుని, తనూ కాసేపు ప్రయత్నించాడు.

శుక్రవారం పిచ్చుక మెల్లగా చెప్పింది. "నాన్నా, ఇవాళ కనిపించింది."

"ఏం రంగు?"

"రంగు లేదు. రెండు కళ్ళే ఉన్నాయి. ఒళ్ళు లేదు."

తన అబద్ధం పిల్ల బుర్రలోకి దిగి, ఒళ్ళులేని కళ్ళై తిరుగుతోందన్నమాట! ఈ రాత్రి కలలోకొచ్చి భయపెడితే? నిజం చెప్పి తీరాలి. సాయంత్రం చెప్పేద్దామని బడికెళితే, గేటు దగ్గర టీచరు మళ్ళీ ఎదురైంది.

"మంగళవారం పొద్దున్న మా ఎనిమిదిమంది పిల్లల్నీ మీ ఇంటికి తీసుకొస్తున్నాం సార్. చేప చూపిస్తానని మీ అమ్మాయే అందరినీ పిలిచింది. తనే పిలిచింది!"

ఆ రోజే చేపలక్క దుకాణానికి పరుగెత్తాడు. సీసాలో తొట్టినీళ్ళు కూడా పట్టుకెళ్ళాడు. ఆవిడ అందులో మందుచుక్కలు వేసి, రంగు మారేదాకా చూసి, సీసా వెనక్కి తోసింది.

"పండలేదు."

"ఒక్క చేపండీ. చిన్నది. ఒక్క రోజుకే."

"ఒక్క రోజుకి అద్దెకివ్వడానికి ఇదేమన్నా సైకిలు షాపా? ఓ చిన్నపిల్లని విషం గదిలో ఒక్కరోజు ఉంచుతారా మీరు?"

మంగళవారం రానే వచ్చింది. భార్య డ్యూటీకి వెళుతూ గుమ్మంలో ఆగి, "నిజం చెప్పేటప్పుడు పిల్లల కళ్ళల్లోకి చూసి చెప్పండి, గోడకేసి చూసి కాదు" అంది. అది ఆవిడ చేయగలిగిన సాయం.

ఎనిమిదిమంది పిల్లలూ బూట్లు గుమ్మంలో విప్పి, పిల్లుల్లా నడిచొచ్చి తొట్టి ముందు బాసిపట్లేసుక్కూర్చున్నారు. పిచ్చుక వాళ్ళకు నియమాలు చెప్పింది. పిలవకూడదు, గాజు తట్టకూడదు, ఊరికే ఉండాలి. టీచరు కూడా నేలమీదే కూర్చుంది. పైనుంచి వయొలిన్ మాస్టారు దిగొచ్చారు, చేతిలో చేపల మేత డబ్బా.

"పాపం, వారంనుంచీ దానికి తిండి పెట్టినట్టు కనపళ్ళేదోయ్. ఇందాకే చేపలక్క దగ్గర కొనుక్కొచ్చా. మా కింద కళ్ళద్దాలాయన చేపకి అని చెబితే ఆవిడ మొహం అదోలా పెట్టింది, ఎందుకో మరి."

ఎందుకో కళ్ళద్దాలాయనకు తెలుసు. పీకలమీదికొచ్చిందని గ్రహించేలోపే మెట్లమీద దబదబ అడుగులు వినిపించాయి. ఒక చేతిలో వల, ఇంకో చేతిలో మూతబకెట్టుతో చేపలక్క గుమ్మంలో నిలబడింది.

"ఎక్కణ్ణుంచి కొన్నారు? నేనివ్వనంటే ఇంకెక్కడో కొంటారా? ఏదీ ఆ చేప?"

"ష్!" అన్నారు ఎనిమిదిమంది. "దానికి సిగ్గు!"

ఆవిడ నోరు టక్కున మూతపడింది. చేపల తరఫున తనకంటే కఠినంగా మాట్లాడినవాళ్ళు ఆవిడకు ఇంతవరకూ తగల్లేదు. బకెట్టు కిందపెట్టి, కొంగు సర్దుకుని, పిల్లల మధ్య చతికిలపడి తొట్టిలోకి చూడసాగింది.

ఎండ నీళ్ళలోకి దిగింది. ఆకులమీద పుట్టిన గాలిబుడగలు సన్నటి వరుసగా పైకి తేలాయి. ఆకుపచ్చని నీడ గోడమీంచి పిల్లల జుట్టుమీదికీ, టీచరు చేతులమీదికీ, మాస్టారి తెల్లచొక్కామీదికీ పాకింది. గదంతా మెల్లగా నీళ్ళ అడుగుకు దిగిపోయినట్టుంది. ఆ నిశ్శబ్దంలో ఊపిరాడనివాడు ఒక్కడే ఉన్నాడు. చేపలక్కకు చేప లేదని తెలియడానికి ఇంకెంతసేపు? తేలు కుట్టిన దొంగలా నిలబడి, ఆఖరికి ఆయన పిల్లల వైపు తిరిగాడు. గోడకేసి చూడలేదు.

"పిల్లలూ, మీకొక మాట చెప్పాలి. ఈ తొట్టిలో..."

"కదలకండి" అంది చేపలక్క.

ఆయన కదల్లేదు.

"మొక్కలు జాడించి నాటమన్నాను. జాడించారా?"

"...లేదు."

"భూతద్దం ఉందా ఇంట్లో?"

ఆయన జేబులో అదెప్పుడూ ఉంటుంది. ఆవిడ అందుకుని గుబురు పక్కన గాజుకు పట్టింది. గొంతు పూర్తిగా మారిపోయింది. "మా తొట్లో చేపలు ఈ మొక్కలమీద గుడ్లు పెట్టాయి సార్. మీరు జాడించకుండా తెచ్చి నాటేశారు. అవి ఇక్కడే పిల్లలయ్యాయి. ఈ నీళ్ళల్లో, ఆకుల్ని పట్టుకునున్న మడ్డి తింటూ బతికేశాయి. వారం కూడా నిండని పసిగుడ్లు. ఒళ్ళు గాజులా ఉంటుంది, కనపడదు. కళ్ళే కనపడతాయి."

కళ్ళద్దాలాయన వంగి చూశాడు. ఆకులు, నీళ్ళు, ఎండ. మరేం లేదు. "అదిగో!" "ఇటొచ్చింది!" అని పిల్లలు గుసగుసలాడుతున్నారు. టీచరుకు కనిపించింది. మాస్టారు "ఎరుపు కాదన్నమాట" అని ఒప్పుకున్నారు. రోజుకు ఇరవైమంది చూపు పరీక్షించే మనిషికి మాత్రం ఏమీ కనపడలేదు.

పిచ్చుక వచ్చి ఆయన చూపుడువేలు పట్టుకుంది. "చేపని వెతక్కు నాన్నా. ఊరికే చూడు."

ఊరికే చూశాడు. ఎంతసేపో తెలియదు. అప్పుడు ఆకు అంచున రెండు నల్లచుక్కలు, ఆవగింజలో పదోవంతు, పక్కపక్కనే ఆగి ఆయనకేసి చూశాయి. వాటి వెనక, కనురెప్ప వెంట్రుకంత వెలుగు వణికింది. ఆయన కళ్ళద్దాలు మసకబారాయి. తుడుచుకుని మళ్ళీ పెట్టుకునేలోపు చుక్కలు ఆకుల్లోకి వెళ్ళిపోయాయి. అయినా ఇబ్బంది లేకపోయింది, ఎందుకంటే అప్పటికే ఇంకో జత కనిపిస్తోంది, దాని వెనక మరోటి.

"పదకొండు" అని లెక్క తేల్చింది చేపలక్క. వల మడిచి బకెట్టులో పడేసింది. మాస్టారి చేతిలోంచి మేత డబ్బా లాక్కుంది. "ఇంత పెద్ద మేత వీటి నోట్లో పట్టదు. నలకలాంటి మేత రేపు నేనే తెస్తా. సగం నీళ్ళు రోజూ నిదానంగా మార్చండి. సార్, ఇంత తప్పుగా చేసి ఇంత బాగా కుదిరినవాళ్ళని నేను చూళ్ళేదు."

సాయంత్రం భార్య వచ్చి, తొట్టి ముందు సోలిపోయి కూర్చుంది. ఆవిడ చూస్తుండగానే ఆయన కూతుర్ని ఒళ్ళోకి తీసుకుని, ఆలస్యంగానైనా తప్పు ఒప్పుకున్నాడు.

"అమ్మా, ఆ ఆదివారం చేప ఉందని నీకు చెప్పానే, అది అబద్ధం. లేదనుకుంటూనే చెప్పాను."

పిచ్చుక చాలాసేపు ఆలోచించింది. మొహంలో బాధ కనిపించింది.

"అవును నాన్నా, అబద్ధమే. పదకొండుంటే ఒకటే ఉందన్నావు" అంది. తరవాత ఆయన మెడచుట్టూ చేతులు వేసి క్షమించేసింది. భార్య మొహం అటు తిప్పుకుంది, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

మళ్ళీ నెల టీచరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది: మీ అమ్మాయి క్లాసులో ఎవరినీ మాట్లాడనివ్వడం లేదు, దయచేసి ఇంట్లో కాస్త మందలించగలరు.