ఎత్తుల పుస్తకం ఎత్తుకుపోయిందెవరు?

"బావమరిదీ, ఈ విశ్వవిద్యాలయంలో నేరానికి పుట్టగతులుండవు. నేనున్నాను కాబట్టి," అన్నాడు మా బావ, చొక్కా బొత్తాలు తప్పు కాజాల్లో పెట్టుకుంటూ.

ఆయన లైబ్రరీలో గుమాస్తా. పుస్తకాలకు ముద్రలు వేయగా మిగిలిన వేళల్లో అపరాధ పరిశోధకుడు. ఆయన్ని ఆపగలిగేది మా అక్క ఒక్కతే. ఆ రోజు అక్క ఊళ్లో లేదు.

చదరంగం ఫైనల్ ఇంకో అరగంటలో మొదలవ్వాలి. లా చదివే కుర్రాడు రెండేళ్లుగా ఎత్తులు రాసుకున్న నోటుపుస్తకం మాయమైంది. అతనితో ఆడాల్సిన లెక్కల విభాగం అమ్మాయి మీద అనుమానం పడింది. పుస్తకం దొరక్కపోతే ఆమెను పోటీ నుంచి తప్పిస్తానని రిఫరీగారు తేల్చేశారు. ఆ అమ్మాయి పెదవి బిగబట్టి కూర్చుంది.

పోటీ జరిగే గదిలోకి వెళ్లగానే బావ గంభీరంగా తలుపు మూశాడు. వేలు ఇరుక్కుంది. ఆ వేలు నోట్లో పెట్టుకునే విచారణ మొదలెట్టాడు.

"నిన్న సెమీఫైనల్లో ఏం చేశావమ్మా?"

"మంత్రిని ఇచ్చేసి గెలిచానండీ."

బావ నావైపు వంగి, "రాసుకో. పైవాళ్ల హస్తం ఉంది," అన్నాడు.

"అది చదరంగంలో మంత్రి, బావా."

"కొత్త శాఖన్నమాట. ఇంకా ఎవరెవరు పోయారమ్మా?"

"రెండు గుర్రాలండీ."

"జంట హత్యలు," అని తనే రాసుకున్నాడు.

లా కుర్రాడు ఉండబట్టలేక, "ఈమె తియ్యలేదు సార్. నన్ను ఇప్పటికే నాలుగుసార్లు ఓడించింది. నా పుస్తకంతో ఈమెకేం పని?" అన్నాడు.

"నువ్వూరుకో," అన్నారు రిఫరీగారు.

బావ లేచి నిలబడ్డాడు. "దొంగ ఈ గదిలోనే ఉన్నాడు. వాడి పేరు..." అంటూ చదరంగం బల్ల మీద పిడికిలితో ఒక్కటి గుద్దాడు.

బల్ల ఒరిగింది. పావులూ బావా కలిసి నేలమీద పడ్డారు. బల్ల కోడు కింద, మధ్యకు మడిచిన నోటుపుస్తకం కనిపించింది.

"అదే నాది," అన్నాడు లా కుర్రాడు.

రిఫరీగారు రుమాలుతో మెడ తుడుచుకున్నారు. "పొద్దున బల్ల ఊగుతుంటే నేనే పెట్టాను. చిత్తు పుస్తకమనుకున్నాను. తప్పు నాదేనమ్మా, ఏమనుకోకు."

"సరిగ్గా నేననుకున్న చోటే," అన్నాడు బావ నేలమీంచి.

లా కుర్రాడు పుస్తకం తీసి రెండు పేజీలు తిప్పాడు. ఆ అమ్మాయి ముఖంలోకి చూశాడు. తర్వాత దాన్ని మళ్లీ మడిచి కోడు కిందే పెట్టాడు.

ఆట మొదలైంది. ముప్ఫై మూడో ఎత్తుకి అతను ఓడిపోయాడు. బల్ల మాత్రం ఒక్కసారి కూడా ఊగలేదు.